మా ప్రీమియం డబ్బు సిగరెట్లలోకా? కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆర్థిక మంత్రి గారికి,

పొగ తాగుతారా అని ఎల్‌ఐసీ దరఖాస్తులోనే అడుగుతుంది. అవునంటే టర్మ్ పాలసీల్లో ప్రీమియం పెంచుతుంది. న్యాయమే. కానీ అదే ఎల్‌ఐసీకి దేశంలోకెల్లా పెద్ద సిగరెట్ల కంపెనీ ఐటీసీలో దాదాపు 15 శాతం వాటా ఉంది. సిగరెట్ పెట్టెపై 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ వేయించేది ప్రభుత్వమే, ఎల్‌ఐసీలో 96.5 శాతం వాటా ఉన్నదీ ప్రభుత్వానికే!

ఐటీసీ గోధుమపిండి, బిస్కెట్లు కూడా అమ్ముతుంది, డివిడెండ్లూ బాగానే ఇస్తుంది. కాదనను. నార్వే ప్రభుత్వ పింఛను నిధి మాత్రం పొగాకు కంపెనీలను వదులుకున్నట్లు 2010లోనే ప్రకటించింది. దివాలా ఏమీ తీయలేదు.

రేపే అమ్మేయమని అడగడం లేదు. అంత వాటా ఒక్కసారిగా మార్కెట్లో పడితే నష్టపోయేది మళ్లీ పాలసీదారులమే. ఒంగోలు, కందుకూరు పొగాకు వేలం కేంద్రాల్లో బేళ్ల పక్కన ధర కోసం నిలబడే రైతునూ మరవకండి. ఆయన శనగకో మిరపకో మారాలంటే ముందు అప్పు పుట్టాలి, గిట్టుబాటు ధర దక్కాలి.

పొగాకు, మద్యం కంపెనీల్లో పెట్టుబడులపై లిఖిత విధానం రూపొందించి పార్లమెంటు ముందుంచండి. ఆ కంపెనీల వాటాదారుల సమావేశాల్లో ఎల్‌ఐసీ ఎటు ఓటు వేసిందో, ఎందుకు వేసిందో తెలుగులోనూ ప్రచురించండి.

ఇట్లు,
ఒక పాలసీదారు