రాష్ట్రాలకు ఎంతవరకు వదలాలి?

సంపాదకుడికి,

అమెరికాలో గర్భస్రావ చట్టాన్ని ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే తేల్చుకోవడం మంచిదంటూ మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. నేను 30 ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పులు చేసి ఉద్యోగ విరమణ చేసినదాన్ని. మా అమ్మాయి కాపురం టెక్సస్‌లో, డాలస్ దగ్గర. వ్యాసంలో సగం నాకు సబబుగానే తోచింది. మిగతా సగం రాసేటప్పుడు వ్యాసకర్తకు ప్రసూతి వార్డు గుర్తుకు రాలేదనిపించింది.

సబబుగా తోచిన సగం ముందు చెబుతాను. 1973లో రో వర్సెస్ వేడ్ తీర్పుతో దేశమంతటా దక్కిన గర్భస్రావ హక్కును అక్కడి సుప్రీంకోర్టు 2022 జూన్ 24న తీసేసింది. ఈ విషయాన్ని ప్రజలకు, వారి ప్రతినిధులకు తిరిగి అప్పగిస్తున్నామని తీర్పులో జస్టిస్ అలిటో రాశారు. ఆరు వారాలు తిరగకుండానే కాన్సస్ ఓటర్లు తమ రాష్ట్ర రాజ్యాంగం నుంచి ఆ హక్కును తొలగించే సవరణను దాదాపు 59 శాతం ఓట్లతో తిప్పికొట్టారు. కాన్సస్ అంటే గర్భస్రావాన్ని వ్యతిరేకించే రిపబ్లికన్ల కంచుకోట! మరుసటి ఏడు ఒహాయో ఓటర్లు హక్కును రాజ్యాంగంలోనే రాసుకున్నారు. తీర్పు వచ్చిన రోజున పత్రిక విసిరికొట్టిన నేను కూడా ఇది ఒప్పుకోవాలి.

అయితే జనాన్ని అడగడమన్నది అన్నిచోట్లా ఉందా? టెక్సస్‌లో పౌరులు సంతకాలు సేకరించి ఒక ప్రశ్నను బ్యాలెట్ మీదికి తెచ్చే వీలే లేదు. ఫ్లోరిడాలో 2024లో 57 శాతం మంది హక్కు కావాలని ఓటేసి ఓడిపోయారు. అక్కడ 60 శాతం రావాలట. అదే ఏడు ఆరిజోనా సుప్రీంకోర్టు 1864 నాటి నిషేధం చెల్లుతుందని చెప్పింది. అప్పటికి ఆరిజోనా ఒక రాష్ట్రమే కాదు, ఆడవాళ్లకు ఓటూ లేదు. నెల తిరగకముందే శాసనసభ దాన్ని రద్దు చేసింది కాబట్టి సరిపోయింది.

వైద్యురాలిగా నన్ను కలవరపెట్టేది ఓట్ల లెక్క కాదు. 17, 18 వారాలకే ఉమ్మనీరు పోయి ఆసుపత్రికి వచ్చిన తల్లులను నేను చూశాను. బిడ్డ దక్కే ఆశ దాదాపుగా ఉండదు, పిండం గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది. ఈలోగా గర్భసంచికి ఇన్ఫెక్షన్ సోకితే అది రక్తంలోకి పాకడానికి కొన్ని గంటలు చాలు. చలిజ్వరం వచ్చేదాకా కూర్చుంటే ఆలస్యమైపోయినట్టే. 2012 అక్టోబరులో ఐర్లాండ్‌లోని గాల్వేలో కన్నుమూసిన కర్ణాటక ఆడపడుచు సవితా హలప్పనవర్‌ది ఇలాంటి కేసే. 17 వారాలు, గుండె ఇంకా కొట్టుకుంటోంది, గర్భస్రావం కుదరదు, ఆగండన్నారు. ఆగారు.

గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించిన టెక్సస్ చట్టంలో తల్లి ప్రాణానికి ముప్పుంటే మినహాయింపు ఉంది. ఎంత ముప్పు వస్తే అది ముప్పు? లెక్క తప్పితే డాక్టరుకు యావజ్జీవం దాకా జైలు, కనీసం లక్ష డాలర్ల జరిమానా, లైసెన్సు రద్దు. అలాంటప్పుడు ఎంత మంచి డాక్టరైనా ముందు వకీలుకు ఫోను చేస్తాడు. ముప్పు ముంచుకొచ్చేదాకా ఆగనక్కర్లేదని 2025లో ఆ రాష్ట్రమే చట్టాన్ని సవరించుకుంది. మంచిదే. కానీ పుట్టినా బతకదని తేలిన బిడ్డ విషయంలో మినహాయింపు లేదు. 2023 డిసెంబరులో కేట్ కాక్స్ అనే ఆమె పిండానికి ట్రైసోమీ 18 అనే జన్యులోపం ఉందని తేలాక కోర్టుకెక్కి, అక్కడా కాదనిపించుకుని, రాష్ట్రం దాటి వెళ్లవలసి వచ్చింది.

పోనీ, ఎవరి రాష్ట్రం వారిదే అన్నవాళ్లు తమ గీత లోపలే ఉంటున్నారా? తమ రాష్ట్రానికి గర్భస్రావ మాత్రలు పంపిన న్యూయార్క్ వైద్యురాలిపై టెక్సస్ 2024 చివర్లో దావా వేసింది. కొన్ని వారాలకే లూసియానా ఆమెపై క్రిమినల్ కేసు పెట్టింది. ఆమెను అప్పగించేది లేదని న్యూయార్క్ గవర్నర్ చెప్పారు.

మన దగ్గర 1971లో పార్లమెంటు ఒకే చట్టం చేసింది, జమ్మూకశ్మీర్‌ను మినహాయించి. అందులో లోపాలున్నాయి. చివరి మాట స్త్రీది కాదు, డాక్టరుది. నేను ఆ సంతకాలు పెట్టినదాన్నే కాబట్టి చెప్పగలను. కానీ ఇచ్ఛాపురంలో చేయదగిన చికిత్స పక్కనే ఒడిశాలోని బరంపురంలో నేరమవుతుందేమోనన్న భయం మాకెప్పుడూ లేదు.

ఎన్ని వారాల దాకా అనుమతించాలన్నది అమెరికా రాష్ట్రాలు వాదించుకోనివ్వండి. తల్లి ప్రాణాపాయంలో ఉన్నప్పుడు, బిడ్డ బతకదని తేలినప్పుడు మాత్రం దేశమంతా ఒకే కనీస నియమం ఉండాలి. అత్యవసర స్థితిలో వచ్చిన రోగి కుదుటపడేలా చికిత్స చేయాలని 1986 నాటి జాతీయ చట్టం చెబుతూనే ఉంది. దానికీ ఐడహో రాష్ట్ర గర్భస్రావ నిషేధానికీ పేచీ వస్తే, 2024లో సుప్రీంకోర్టు ఏదీ తేల్చకుండా కేసును కింది కోర్టుకు పంపేసింది. వాషింగ్టన్‌లోని కేంద్రం చేతికిస్తే అక్కడా ప్రమాదముంది, కాదనను. 15 వారాలు దాటితే దేశమంతటా నిషేధించాలని సెనేటర్ లిండ్సే గ్రాహం 2022లోనే బిల్లు పెట్టారు.

మొన్న మా అమ్మాయికి 20వ వారం స్కాను తీశారు. అంతా బాగుంది. ఒకవేళ ఏదైనా కనబడితే అక్కడ ఏం చేస్తారే అని అడిగాను. ‘ఆ సంగతి ఫోనులో వద్దమ్మా’ అంది. అది ఉత్త భయమే కావచ్చు.

నచ్చకపోతే మరో రాష్ట్రానికి మారవచ్చు కదా అన్నారు మీ వ్యాసకర్త. మా అల్లుడిది హెచ్1బి వీసా. పనిచేసే చోటు దూరపు ఊరికి మారాలంటే కంపెనీ మళ్లీ అర్జీ పెట్టాలి. ఇద్దరికీ అక్కడ ఓటు లేదు. ‘ప్రజలే నిర్ణయించుకుంటారు’ అన్న వాక్యంలో వాళ్లు ఎక్కడున్నారో ఆయన మరోసారి రాసినప్పుడు చెప్పమనండి.

— విశ్రాంత ప్రసూతి వైద్యురాలు, కాకినాడ