వీడియోలకే ముక్కుతాడు ఎందుకు? బ్రాడ్‌బ్యాండ్ కంపెనీకి ఫిర్యాదు లేఖ

ఎయిర్ బైపాస్ రోడ్డు, తిరుపతి

కంప్లైంట్ సెంటర్ అధికారి గారికి,
ప్రతి: కంపెనీ అప్పీలేట్ అథారిటీ వారికి

విషయం: రాత్రి 8 నుంచి 11 దాకా వీడియోలను ఏరి నెమ్మది చేయడం, మీ సొంత యాప్‌కు డేటా లెక్కించకపోవడం, కేబుల్ షాఫ్ట్‌కు తాళం వేయడం గురించి.

అయ్యా,

దయచేసి ఈ ఉత్తరం చూడగానే లైన్‌మ్యాన్‌ను పంపకండి. ఇప్పటికి మూడుసార్లు వచ్చాడు. రూటర్ ఆపి మళ్ళీ వేశాడు, ప్యాచ్ కార్డ్ మార్చాడు, ఫోన్లో స్పీడ్ టెస్ట్ చూపించి "94 వస్తోంది కదా సార్" అని కంప్లైంట్ మూసేసి పోయాడు. ఆ పిల్లోడిది తప్పేం లేదు. 94 రావడమూ నిజమే. సాధారణంగా ఆ టెస్టు తనంతట తానే దగ్గరి సర్వర్‌ను ఎంచుకుంటుంది. మా దగ్గర అది ఎంచుకున్న సర్వర్ మీ నెట్‌వర్క్ లోపలే ఉంది. ట్రాఫిక్ మీ గేటు దాటి బయటికి పోనేలేదు, ఇక తగ్గేదెక్కడ?

లైన్ సంగతి మేమే చూసుకున్నాం. అయిదు ఫ్లాట్లలో ఓఎన్‌టీ (ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే పెట్టె) పేజీ తెరిచి ఆప్టికల్ పవర్, అంటే ఫైబర్‌లో వచ్చే వెలుగు బలం, రాసుకుంటే మైనస్ 18 నుంచి మైనస్ 21 డీబీఎం మధ్య ఉంది. జీపాన్ లైన్ (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్ళకు పంచే పద్ధతి) ఆ అంకె మైనస్ 27కి దిగేదాకా తెగకుండా నడుస్తుంది. కాబట్టి ఫైబర్ వంగింది, కనెక్టర్‌లో దుమ్ము చేరింది అనే మాటలకు ఇక్కడ చోటు లేదు.

వైఫై మాట రాకుండా లాన్ కేబుల్ పెట్టి, 100 ఎంబీపీఎస్ ప్లాన్ మీద, మూడు రాత్రులు వరుసగా 9 గంటలకు చూశాం. మామూలు స్పీడ్ టెస్ట్‌లో 92 నుంచి 96. అదే నిమిషంలో, నెట్‌ఫ్లిక్స్ తన సొంత సర్వర్ల నుంచి కొలిచే ఫాస్ట్ డాట్ కామ్‌లో 11 నుంచి 14. తెల్లవారి 6 గంటలకు రెండూ 90 దాటాయి.

రద్దీ అంటారని తెలుసు. జీపాన్‌లో ఒక ఓఎల్‌టీ (మీ వైపు ఉండే పెట్టె) పోర్టుకు కిందికి వచ్చే సామర్థ్యం 2.488 జీబీపీఎస్. దాన్ని 64 ఇళ్ళకు పంచితే, అందరూ ఒకేసారి లాగినప్పుడు ఇంటికి 39 కూడా రాదు. అది అర్థం చేసుకోగలం. కానీ రద్దీకి మొహం చూసే అలవాటు లేదు. అది వస్తే వీడియో, ఈమెయిల్, బ్యాంకు సైటు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అన్నీ కలిసే నెమ్మదిస్తాయి. దర్శనం టికెట్ల కోటా తెరిచిన పొద్దున ఊరంతా ఒకే సైటు మీద పడితే అది మొరాయిస్తుంది, అది సైటు వాళ్ళ అవస్థ, మిమ్మల్ని ఎవరూ అనరు. మా దగ్గర అదే 9 గంటలకు 5 జీబీ ఫైలు 90 వేగంతో దిగుతోంది. వీడియో ఒక్కటే నత్తనడక.

వీపీఎన్ (ఏ సైటు చూస్తున్నామో మీకు కనపడకుండా వేరే సర్వర్ గుండా పంపే యాప్) వేస్తే వీడియో కూడా పరుగెత్తుతోంది. అయినా దాన్ని మేం రుజువుగా పెట్టడం లేదు, ఎందుకంటే వీపీఎన్ వేరే దారి పడుతుంది. చెన్నైలో ఆ వీడియో కంపెనీతో మీకున్న పీరింగ్ లింకు (రెండు నెట్‌వర్కులను నేరుగా కలిపే లైను) నిండిపోయి ఉంటే, వీపీఎన్ దాన్ని తప్పించుకుని పోయిందని మీరు అనొచ్చు, ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే వెహే అనే యాప్ వాడాం. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు తయారుచేసింది. ముందే రికార్డు చేసిన వీడియో ట్రాఫిక్‌ను అది తన సర్వర్ నుంచి రెండుసార్లు పంపుతుంది. మొదటిసారి ఉన్నదున్నట్టు, అంటే కనెక్షన్ మొదట్లో సైటు పేరు చెప్పే ఎస్‌ఎన్‌ఐ గుర్తుతో సహా. రెండోసారి అంతే సైజు, అదే సర్వర్, కానీ లోపలి బిట్లు కలిపేసి, ఎవరిదో గుర్తుపట్టే వీల్లేకుండా. సర్వర్ ఒకటే కాబట్టి పీరింగ్ సాకు చెల్లదు. పేరున్నప్పుడు 12, పేరు చెరిపాక 70కి పైనే. అయిదు ఫ్లాట్లలోనూ ఇదే తేడా. పేరు చదివి తగ్గించే రూల్ మీ పెట్టెలో లేకపోతే ఈ తేడా రాదు. తేదీ, టైముతో సహా స్క్రీన్‌షాట్లు జతచేశాం.

2018 సెప్టెంబర్ 26న టెలికం శాఖ లైసెన్సు షరతులు సవరించింది. కంటెంట్‌ను బట్టి ఆపడం, నాణ్యత తగ్గించడం, నెమ్మది చేయడం, కొందరికి ఎక్కువ వేగం ఇవ్వడం అన్నీ వివక్ష కిందికే వస్తాయి. అవసరమైన ట్రాఫిక్ మేనేజ్‌మెంట్‌కు వీలుంది, అయితే అది తాత్కాలికంగా, అవసరమైనంత మేరకే, వినియోగదారుడికి తెలిసేలా జరగాలి. ప్రతి రాత్రీ 8కి మొదలై 11కి ఆగేది తాత్కాలికం అనిపించుకోదు. ఇక తెలియజేయడం అంటారా, మీ సైటంతా గాలించినా ఒక్క ముక్క కనిపించలేదు.

రెండోది మీ సొంత సినిమాల యాప్. అందులో ఎంత చూసినా ఎఫ్‌యూపీ (ప్లాన్‌లోని డేటా పరిమితి) లెక్కలోకి రాదు, వేగమూ తగ్గదు. ఇది టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న తెచ్చిన వివక్షా టారిఫ్‌ల నిషేధ నిబంధనలకు ఎదురు. ఉల్లంఘనకు రోజుకు రూ.50,000, గరిష్ఠంగా రూ.50 లక్షల జరిమానా. మీ ఎగ్జిక్యూటివ్ ఫోన్లో "అది ఇంటర్నెట్ కాదు సార్, మా క్లోజ్డ్ నెట్‌వర్క్" అన్నారు. క్లోజ్డ్ నెట్‌వర్క్‌కు మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ నిషేధాన్ని తప్పించుకోడానికి వాడుకుంటే ఆ మినహాయింపు వర్తించదని అదే వాక్యంలో ఉంది. పైగా మీ యాప్ వేరే కంపెనీ మొబైల్ డేటా మీద కూడా తెరుచుకుంటోంది. ఇంటర్నెట్ మీద దొరికేది క్లోజ్డ్ ఎలా అవుతుంది? ఇంటింటి వాడకాన్ని యాప్‌లవారీగా లెక్కగట్టగలిగిన మీకు, కోటా 50, 90, 100 శాతం దాటినప్పుడు పంపాల్సిన మెసేజ్ మాత్రం పంపడం చేతకావడం లేదు.

మూడోది చిన్నది. బిల్డర్‌తో ఒప్పందం ఉందంటూ కేబుల్ షాఫ్ట్‌కు (అంతస్తులకు వైర్లు పోయే నిలువు గూడు) తాళం వేసి, ఇంకో కంపెనీ వైరును పైకి పోనివ్వడం లేదు. ఇలాంటి గుత్త ఒప్పందాలు వద్దని ట్రాయ్ 2017 జనవరిలోనే సిఫారసు చేసింది. షాఫ్ట్ మా ఉమ్మడి ఆస్తి. తాళంచెవి వారంలోగా వాచ్‌మన్‌కు ఇవ్వండి.

మేం అడిగేది: ఈ ఫిర్యాదుకు డాకెట్ నంబర్. ఏ ట్రాఫిక్ మీద, ఏ గంటల్లో, ఎంత పరిమితి పెట్టారో మీ నెట్‌వర్క్ విభాగం సంతకంతో రాతపూర్వక జవాబు. ఆ రూల్ తీసేశాక మేం మళ్ళీ వెహే టెస్టు చేస్తాం, రెండు అంకెలూ ఒకేలా వస్తేనే కంప్లైంట్ మూయాలి. మీ యాప్‌కు, మిగతావాటికి ఒకే డేటా లెక్క.

గడువులోగా జవాబు రాకపోతే 30 రోజుల్లోపు అప్పీల్ వేస్తాం. దాన్ని 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ విడి ఫిర్యాదులు తీసుకోదని మాకు తెలుసు, కాబట్టి అక్కడికి ఈ రీడింగులు సమాచారంగానే పోతాయి, టెలికం శాఖకు పీజీ పోర్టల్ ద్వారా ఫిర్యాదుగా పోతాయి. షాఫ్ట్ విషయం కాంపిటీషన్ కమిషన్‌కు తగినదే అయినా, టెలికం అంశాలు ముందు ట్రాయ్ తేల్చాలని 2018 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది గనక ఆ వరసలోనే వెళ్తాం. వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళడానికి మాత్రం ఆగక్కర్లేదు. టెలికం కేసులు అది వినవచ్చని 2022 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది, రూ.5 లక్షల లోపు చెల్లింపులకు ఫీజు కూడా లేదు.

లైన్‌మ్యాన్‌ను పంపాల్సి వస్తే షాఫ్ట్ తాళంచెవి ఇచ్చి పంపండి.

ఇట్లు,
అపార్ట్‌మెంట్ నివాసుల సంఘం కార్యవర్గం