రెపో తగ్గింది, నా వడ్డీలో అర శాతం మాత్రం ఎక్కడో ఆగింది

భారతీయ రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ శ్రీ సంజయ్ మల్హోత్రా గారికి,

ఖమ్మం నుంచి ఒక ఇంటి లోను ఖాతాదారు నమస్కరించి రాస్తున్న లేఖ.

అయ్యా, నేను బస్సు డిపోలో క్యాష్ లెక్కలు చూస్తాను. కండక్టర్ తెచ్చిన డబ్బులో పది రూపాయలు తగ్గితే ఇంటికి వెళ్లేలోపే కట్టించుకుంటాం.

2020 సెప్టెంబరులో ఇరవై ఏళ్లకు ఇరవై లక్షల లోను తీసుకున్నాను. అప్పుడు రెపో, అంటే మీరు బ్యాంకులకు అప్పిచ్చే రేటు, 4 శాతం. దాని మీద బ్యాంకు కలుపుకునే వాటా, అదే స్ప్రెడ్, 2.95. మొత్తం 6.95. ఈఎంఐ 15,446 రూపాయలు. 'రెపోతో పాటే మీ వడ్డీ పెరుగుతుంది, తగ్గుతుంది. స్ప్రెడ్ మాత్రం కదలదు' అని శాంక్షన్ లెటర్ మీద వేలు పెట్టి మరీ చూపించారు మేనేజర్ గారు. 2022 మేలో మొదలైన పెంపు 2023 ఫిబ్రవరికి రెపోను 6.50కి చేర్చింది. నా వడ్డీ 9.45 అయింది. ఈఎంఐ కదపకుండా వాయిదాల సంఖ్య పెంచారు. నెలకు పదిహేను వేల చిల్లర కడితే అసలుకు జమయ్యేది ఆరేడు వందలు కూడా లేదు. అయినా నోరెత్తలేదు. సంతకం పెట్టింది నేనే కదా.

2025 ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్‌లలో మీరు మూడు విడతలుగా ఒక శాతం తగ్గించారు. రెపో 5.50కి దిగింది కాబట్టి నాకు 8.45 పడాలి. సెప్టెంబరు స్టేట్‌మెంట్‌లో 8.95 ఉంది. మా ఆవిడ క్యాలిక్యులేటర్ తెచ్చి రెండుసార్లు కూడింది. స్ప్రెడ్ 3.45 అయితే తప్ప ఆ అంకె రాదు. నాకు మెసేజ్ లేదు, ఉత్తరం లేదు. ఏడాదికి తొమ్మిది వేల పైచిలుకు తేడా.

బ్రాంచిలో అడిగితే 'సిస్టమ్‌లోనే అలా వచ్చింది సార్, మా చేతుల్లో లేదు' అన్నారు. రాతపూర్వకంగా అడిగితే స్ప్రెడ్‌లోని రిస్క్ ప్రీమియం, అంటే నేను బాకీ కట్టనేమోనన్న అనుమానానికి వేసే వడ్డీ, సవరించామన్నారు. అప్పులు కట్టే తీరుకు ఇచ్చే మార్కులు, అదే సిబిల్ స్కోరు, లోను నాడు నాకు 771, ఇప్పుడు 788. ఒక్క ఈఎంఐ బౌన్స్ కాలేదు. మరి రిస్క్ ఎక్కడ పెరిగిందో! పైగా ఒక ఉపాయం చెప్పారు: 5,000 రూపాయల ఫీజు, జీఎస్టీతో 5,900 కడితే 'తక్కువ రేటుకు మారుస్తాం' అని. పశువు పరాయి చేలో పడితే బందెలదొడ్డిలో రుసుం కట్టి విడిపించుకుంటాం, న్యాయమే. నా గేదె నా కొట్టంలోనే ఉంది సార్.

2019 సెప్టెంబరు 4 నాటి మీ సర్క్యులర్ ప్రకారం, రుణగ్రహీత పరపతి అంచనాలో గణనీయమైన మార్పు వస్తేనే, అదీ ఒప్పందంలో రాసుకున్న మేరకే, రిస్క్ ప్రీమియం మార్చాలి. ఆ కాపీ జతచేసి, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే మీ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టాను. మీ హెల్ప్‌లైన్ 14448కి ఫోన్ చేస్తే తెలుగులోనే, మర్యాదగానే మాట్లాడారు. ఆ మాట చెప్పకపోతే తప్పు. కానీ చివరికి వచ్చిన జవాబు: ఇది బ్యాంకు వాణిజ్య నిర్ణయం, ఫిర్యాదు విచారణార్హం కాదు.

లోను ఇచ్చేనాడు ఎంత రేటు వేయాలన్నది వాణిజ్య నిర్ణయమే, ఒప్పుకుంటాను. సంతకాలైన ఐదేళ్లకు, మీ సర్క్యులర్‌ను పక్కనపెట్టి రేటు మార్చడం కూడా వాణిజ్య నిర్ణయమే అయితే ఆ సర్క్యులర్ ఎవరి కోసం?

నా ఫిర్యాదును మళ్లీ తెరిపించండి. స్ప్రెడ్ మార్పుల మీద వచ్చే ఫిర్యాదులను ఆ ఒక్క మాటతో మూసేయవద్దని అంబుడ్స్‌మన్ కార్యాలయాలకు చెప్పండి. సిస్టమ్‌లో జరిగిన తప్పయితే అది నా ఒక్కడి ఖాతాలోనే ఆగి ఉండదు. ఆ బ్యాంకు రెపో లోన్లన్నీ ఆడిట్ చేయించి, ఎక్కువ వసూలు చేసిన సొమ్మును అడగని వాళ్లకు కూడా వడ్డీతో జమ చేయించండి. ఇంకొకటి. 2023 ఆగస్టు 18 నాటి మీ ఆదేశం వల్ల మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ వస్తోంది, మంచిదే. అందులో వడ్డీ మొత్తం ఒకే అంకెగా ఉంటోంది. రెపో ఎంత, స్ప్రెడ్ ఎంత అని విడివిడిగా వేయమనండి. మా ఆవిడకు ఆ కూడికల పని తప్పుతుంది.

2025 డిసెంబరు 5న మీరు రెపోను మరో పావు శాతం తగ్గించారు. వచ్చే రీసెట్‌కు, అంటే బ్యాంకు మళ్లీ వడ్డీ సవరించేటప్పటికి, నా ఖాతాలో 8.20 కనిపించాలి. 8.70 కనిపిస్తే ఆ స్టేట్‌మెంట్ కూడా మీకే పంపుతాను.

ఇట్లు,
ఖమ్మం నుంచి ఒక ఖాతాదారు