2024-25 వార్షిక నివేదిక: బాకీల జాబితా ఎక్కడ తప్పింది, ఎలా సరిచేశాం

మన కాలనీ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఏటా చెప్పుకునే పనులు ముందు తొందరగా చెప్పేస్తాను. వినాయక చవితి పందిరి ఖర్చు చందాల్లోనే సరిపోయింది, సంఘం నిధి ముట్టుకోలేదు. నాలుగో లైనులో కాలువ పూడిక తీయించాం. పార్కు బోరు మోటారు రెండుసార్లు కాలింది. రెండోసారి వైండింగ్‌కి ఇవ్వకుండా కొత్తదే కొన్నాం. ఆ లెక్కలు కోశాధికారి గారి నివేదికలో ఉన్నాయి.

నేను కాస్త ఎక్కువసేపు చెప్పాల్సింది నెలవారీ చందా బాకీల గురించి. పోయిన సర్వసభ్య సమావేశంలో ఆ జాబితా మీద జరిగిన రభస ఎవరూ మర్చిపోయి ఉండరు. ఐదో లైను మాస్టారు ఏప్రిల్‌లోనే ఏడాది మొత్తానికీ కట్టేశారు. అయినా ఆయన ఇంటి నంబరు నోటీసు బోర్డుకి ఎక్కింది. ఆయన రసీదు తెచ్చి బల్ల మీద పెడితే కమిటీలో ఒక్కరూ నోరు విప్పలేకపోయాం. తప్పు ఆయనది కాదు, వసూలుకి తిరిగే కుర్రాడిది అంతకన్నా కాదు. అంతా మా ఎక్సెల్ షీట్లలో జరిగింది. ఆ మాట అప్పుడే చెబుదామన్నా అప్పటికి మాకే తెలియదు.

మన లెక్కలు నాలుగు చోట్ల ఉన్నాయి: చేతిరాత రిజిస్టరు, దాన్ని చూసి టైపు చేసిన ఎక్సెల్ షీటు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌లో కట్టేవాళ్ల కోసం పెట్టిన యాప్ నుంచి దిగే సీఎస్‌వీ ఫైలు (గడుల మధ్య కామాలు పెట్టి రాసిన మామూలు అక్షరాల ఫైలు). వీటిని కలపడానికి మనకున్న ఆధారం ఇంటి నంబరు ఒక్కటే. సరిగ్గా అదే పాడైంది.

ఎక్సెల్‌లో 5-12 అని కొట్టి ఎంటర్ నొక్కి చూడండి. అది ఇంటి నంబరని దానికేం తెలుసు, డిసెంబర్ 5 అనుకుంటుంది. సంవత్సరం చెప్పలేదు కాబట్టి కొట్టిన ఏడాదే వేసుకుంటుంది. 2024లో కొట్టిన ఆ గడిని టెక్స్ట్‌గా మారిస్తే 5-12 తిరిగి రాదు, 45631 వస్తుంది. 1900 జనవరి 1ని ఒకటో రోజుగా పెట్టుకుని 2024 డిసెంబర్ 5 దాకా ఎక్సెల్ వేసుకున్న రోజుల లెక్క అది. అమెరికా సెట్టింగ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అదే 5-12ని కొడితే మే 12 అయిపోయి 45424 వస్తుంది. మనం టైపు చేయించిన రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకటి అమెరికా నుంచి వచ్చిందే!

ఇప్పుడు మాస్టారి సంగతి. వారి ఇల్లు 5-12-24. పంచాయతీ రోజుల నాటి నంబరు 5-12నే ఉంచుకున్న ఇల్లు పాత వీధిలో ఒకటుంది. ఎక్సెల్ లెక్కలో రెండూ 2024 డిసెంబర్ 5వ తేదీయే, రెండూ 45631. వెతికే ఫార్ములా మొదట కనబడిన దాన్నే పట్టుకుంటుంది కాబట్టి మాస్టారి డబ్బు పాత వీధి ఇంటి ఖాతాలో జమ అయింది. ఒకసారి ఇలా కలిసిపోయాక షీటులో ఎంత వెతికినా ఏది ఏ ఇల్లో తేలదు. రిజిస్టరు తెరిచి ఒక్కో పేజీ చూడాల్సిందే, మూడు ఆదివారాలు ఆ పనే చేశాం.

ఈ బాధ మనకొక్కరికే కాదులెండి. మార్చ్1, సెప్ట్2 లాంటి పేర్లున్న మనిషి జన్యువులు కూడా షీట్లలో తేదీలైపోతుంటే, ఆ పేర్లు ఖరారు చేసే హ్యూగో కమిటీ చివరికి జన్యువుల పేర్లే మార్చుకుంది. 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ సంగతి రాసింది కూడా. మనం ఇంటి నంబర్లు మార్చుకోలేం కాబట్టి ఫైలు తెరిచే పద్ధతి మార్చుకున్నాం.

ఇందులో మూడో లైనులో ఉండే ఇంజినీరింగ్ అమ్మాయి సాయం చాలా ఉంది. ఎక్సెల్ 2016 నుంచి డేటా ట్యాబ్‌లోనే పవర్ క్వెరీ అని, ఫైళ్లను తెచ్చి శుభ్రం చేసే సాధనం ఉంటుందని, ఫైలుని డబుల్ క్లిక్ చేసి తెరవకుండా అందులోంచి తెచ్చుకోవాలని తనే చూపించింది. అక్కడా ఒక మెలిక ఉంది. ఫైలు రాగానే పవర్ క్వెరీ తనంతట తానే ఏ కాలమ్ ఏ రకమో ఊహించి ఒక స్టెప్ వేసేస్తుంది. ముందు ఆ స్టెప్ తీసేసి, ఇంటి నంబరు, ఫోన్ నంబరు కాలమ్‌లని టెక్స్ట్ అని మనమే చెప్పాలి. యాప్ ఫైలులో తెలుగు పేర్లు టోపీ పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాలు, డిగ్రీ గుర్తులుగా కనిపించేవి. ఫైల్ ఆరిజిన్ దగ్గర యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని భాషల అక్షరాలనూ దాచే పద్ధతి) ఎంచుకోగానే శుభ్రంగా వచ్చాయి. పేర్ల చివర కంటికి కనబడని గుర్తులు కూడా కొన్ని దొరికాయి. పొల్లుతో ముగిసే పేరు తర్వాత కొన్ని కీబోర్డులు ఒక గుర్తు వదిలేస్తాయి. ముందూ వెనకా ఖాళీలు తీసేసే ట్రిమ్ వాడినా అది పోదు, విడిగా తీసేయాలి. అది ఉన్నంతసేపూ ఒకే సురేష్ ఇద్దరు సురేష్‌లుగా లెక్కకొచ్చారు.

లైను పేర్లు మెర్జ్ చేసిన, అంటే ఒకటిగా కలిపేసిన గడుల్లో ఉండటంతో మొదటి ఇంటికే లైను ఉండి మిగతావి ఖాళీగా వచ్చాయి. పైనున్నదాన్నే కింది ఖాళీల్లోకి దించే ఫిల్ డౌన్‌తో నింపాం. ప్రతి లైను కింద ఉన్న ‘మొత్తం’ వరసలు తీసేశాం, లేకపోతే వసూలు రెట్టింపు కనబడేది. డబ్బు గడుల్లో ‘200/-’, ‘ముట్టింది’, ‘రెండు నెలలది’ అని ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. వీటిని మాత్రం మనిషే చదివి అంకె వేయాలి.

ఆ తర్వాత అడ్డంగా ఉన్న పన్నెండు నెలల కాలమ్‌లని అన్‌పివట్ చేసి, ఇంటికి నెలకొక వరస చొప్పున నిలువుగా తెచ్చాం. బాకీలు తీయమని నొక్కితే జాబితా ఖాళీగా వచ్చింది. కాలనీలో ఒక్క బాకీ కూడా లేదు! కోశాధికారి గారు టీ చెప్పించారు కూడా. టీ తాగుతుండగా ఆ ఇంజినీరింగ్ అమ్మాయికి అనుమానం వచ్చింది. కట్టని నెల గడి ఖాళీగా ఉంటుంది కదా, అన్‌పివట్ ఖాళీ గడులను వదిలేస్తుంది. అంటే కట్టనివాళ్లే జాబితాలోంచి మాయమయ్యారన్నమాట. అన్‌పివట్‌కి ముందు ఖాళీలన్నీ సున్నాలు చేసి మళ్లీ నొక్కితే అసలు జాబితా బయటపడింది. ఆ టీ ఖర్చు సంఘం ఖాతాలో రాయలేదు.

ఇప్పుడు ఏర్పాటు ఇది. వచ్చిన ఫైళ్లను వచ్చినవి వచ్చినట్టే ‘అసలు’ అనే ఫోల్డర్‌లో వేస్తున్నాం. వాటిలో ఎవరూ ఒక్క గడి కూడా దిద్దకూడదు. దిద్దుబాట్లన్నీ పవర్ క్వెరీలో స్టెప్‌లుగా వరసగా ఉంటాయి. ఏది ఎందుకు మార్చామో ఎవరైనా తెరిచి చూడొచ్చు. కొత్త నెల ఫైలు వేసి రిఫ్రెష్ నొక్కితే అవే స్టెప్‌లు మళ్లీ నడుస్తాయి. రేపు కోశాధికారి మారినా ఇబ్బంది ఉండదు. ఇంతకుముందు అంతా ఒకరి చేతిలో, ఒకరి జ్ఞాపకంలో ఉండేది. నా దృష్టిలో అసలు లోపం అదే.

తప్పుగా వేసిన ఆలస్య రుసుము తిరిగి ఇచ్చేశాం. కమిటీ తరఫున మాస్టారి ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పి వచ్చాం. బాకీల జాబితా ఇకమీదట నోటీసు బోర్డుకి ఎక్కదు, ఎవరిది వాళ్లకే పంపుతాం.

పాత వీధిలో రెండు ఇళ్ల లెక్క ఇంకా తేలలేదు. రిజిస్టరులో ఆ పేజీ తడిసి అంకెలు చెదిరిపోయాయి. ఆ రెండు ఇళ్లవాళ్లూ తమ దగ్గరున్న రసీదులు ఆదివారం సాయంత్రం ఆఫీసుకి తీసుకురావాలని మనవి. మిగతా సభ్యులు కూడా వచ్చి తమ ఇంటి నంబరు సరిగ్గా పడిందో లేదో చూసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి