మొదటి పుస్తకం సొంతంగా వేయాలా, ప్రచురణకర్తకు ఇవ్వాలా?

కథల సంపుటి వేయాలనుకుంటున్న కొత్తవాళ్ల కోసం. ప్రచురణకర్త "అచ్చు ఖర్చు మీరే పెట్టుకోండి" అన్నాడంటే అది సొంత ప్రచురణే, పేరు మాత్రం ఆయనది. అలాంటప్పుడు హక్కులు రాసివ్వకండి. ఆయనే ఖర్చు పెడితే ఎన్ని కాపీలు, ఎన్నేళ్లు, రాయల్టీ ఎంత అన్నది కాగితం మీద ఉండాలి.

సొంతంగానే అయితే ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు) ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు, కేంద్ర ప్రభుత్వ రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ సైట్లో ఉచితం. డెమీ సైజులో (కథల పుస్తకాలకు మామూలుగా వాడేది) ఫారం, అంటే ఒక పెద్ద షీటు మీద అచ్చయ్యేది, 16 పేజీలు. 130 పేజీలు వస్తే రెండు తగ్గించి 128కి, అంటే ఎనిమిది ఫారాలకి సర్దండి. అను ఫాంట్ (డీటీపీలో వాడే తెలుగు ఫాంట్) నుంచి యూనికోడ్‌కి మారిస్తే వత్తులు చెదురుతాయి, ప్రూఫు మళ్లీ మొదట్నుంచీ చూడాల్సిందే. వంద కాపీలకు డిజిటల్, వెయ్యైతే ఆఫ్‌సెట్. షాపు కమీషన్ పోను ఏం మిగులుతుందో చూసుకుని ధర వేయండి. డిసెంబరు బుక్ ఫెయిర్‌కి తేవాలంటే ఫైలు అక్టోబరులోనే ప్రెస్సుకి చేరాలి, నవంబరులో అందరూ అక్కడే ఉంటారు.