మార్చి 31 లోపు చూసుకోవాల్సినవి (ఆటోనగర్ సభ్యులకు)

అందరికీ నమస్కారం. "ఆడిటర్ గారు చూసుకుంటారులే" అని వదిలేయకండి, బకాయిలు ఎవరికి ఎంత ఉన్నాయో ఆయనకు మనం చెబితేనే తెలుస్తుంది.

ముఖ్యంగా చిన్న సప్లయర్ల బిల్లులు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారులకు, లేత్ పని, వెల్డింగ్ పని చేసిపెట్టే వాళ్లకు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, ఏ కాగితమూ లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇచ్చేయాలి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం చెప్పేది ఇదే. దాటితే ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ కట్టాలి, అదీ నెలనెలా చక్రవడ్డీ. గడువు దాటిన బాకీ మార్చి 31 నాటికి అలాగే ఉండిపోతే ఆ ఏడాది ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో ఖర్చుగా చూపించలేం, చెల్లించిన ఏడాదిలోనే చూపించాలి. కేవలం సరుకు కొని అమ్మే ట్రేడర్లకు ఉద్యమ్ ఉన్నా ఇది వర్తించదు. పెద్ద కంపెనీ మనకు బిల్లు ఆపిందని గాజువాకలో ఒక్క మెషీన్‌తో బతికే మనిషికి మనం ఆపడం నాకైతే అన్యాయమే అనిపిస్తుంది, చట్టమూ ఆ సాకు ఒప్పుకోదు.

పీఎఫ్, ఈఎస్‌ఐ ప్రతినెలా 15లోపు, తెలిసిందే.

పది మంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ తప్పనిసరి, లేకపోతే 50,000 వరకు జరిమానా. సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షురాలిగా ఉండాలి, బయటి సభ్యులు ఒకరు కావాలి. ఓనరు గారి భార్య పేరు రాసేసి ఫైల్లో పెట్టేయడం కమిటీ కాదండీ! బయటి సభ్యులు దొరక్కపోతే ఇక్కడే అడగండి.