విప్పింది మీరైతే చెప్పండి

సంపాదకుల వారికి,

కుళాయి, పైపు మరమ్మతులకు ప్లంబరు అక్కరలేదని, ఎవరి పని వారే చేసుకోవచ్చని బోధిస్తూ రెండు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసానికి ఎవరైనా పెద్దలు జవాబు రాస్తారని ఎదురుచూశాను. ఆ తర్వాత మీరు అచ్చువేసిన ఉత్తరాలన్నీ మెచ్చుకోళ్లే కావడంతో, ముప్పై ఏళ్లుగా ఆ పని చేసుకుని బతుకుతున్నవాడిగా నేనే కలం పట్టవలసి వచ్చింది.

ముందుగా ఆ ఫొటో సంగతి. అందులో నవ్వుతూ నిలబడిన పెద్దమనిషి, నీరు కారకుండా పైపు మర మీద చుట్టే టెఫ్లాన్ టేపును ఎదురు దిశలో చుడుతున్నారు. మర ఉన్న కొసను మన వైపు పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపు చుడితేనే బిగించేటప్పుడు టేపు మరలో కూరుకుంటుంది. ఆయన చుట్టినట్లు చుడితే బిగిస్తున్నకొద్దీ లేచి ఉండలు కడుతుంది. సగం పేజీ ఫొటో వేసేటప్పుడు, పని తెలిసినవాడు ఒక్కడికైనా చూపించి ఉండవలసింది.

వాషరు మార్చుకునేవారి మీద నాకు కోపం లేదు. సెకనుకు ఒక్క చుక్క కారినా రోజుకు 86,400 చుక్కలు. అంత నీరు పోతుంటే నేనెప్పుడు ఫోను ఎత్తుతానా అని కూర్చోమనడం అన్యాయం. పైన వాల్వు కట్టేసి, కుళాయి పిడి కింద తిరిగే కడ్డీని, అంటే స్పిండిల్‌ని విప్పి, అరిగిన వాషరు తీసి కొత్తది వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇలాంటి చిన్న పనులకు పిలిస్తే మాలో చాలామంది ‘రేపొస్తా’ అంటూ వారం తిప్పుతారన్నదీ నిజమే, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. నా బాధల్లా ఒక్కటే: తాము చేసిన పనిని, మమ్మల్ని పిలిచాక కూడా దాస్తారు.

ఒక ఇంట్లో వాష్ బేసిన్‌లో నీరు దిగడం లేదని పిలిచారు. ఏమైనా పోశారా అని అడిగితే, ‘ఏమీ పోయలేదే’ అన్నారు ఇంటి యజమాని, భార్య వైపు చూడకుండా. బేసిన్ కింద నీరు నిలిచే గిన్నెలాంటి బాటిల్ ట్రాప్ విప్పగానే అందులోని నీరు నా ముంజేతి మీదుగా మోచేతి దాకా జారింది. మొదట సబ్బు నీళ్లలా జిడ్డుగా తగిలింది, ఆ వెంటనే మంట ఎత్తుకుంది. కాస్టిక్ సోడా! రాత్రి ఒక డబ్బా, తెల్లవారి ఇంకో డబ్బా పోశామని ఆవిడే తర్వాత చెప్పారు. మచ్చ ఇప్పటికీ ఉంది. అలా కాక, బ్లీచింగ్ ద్రవం పోసిన గొట్టంలో యాసిడ్ కూడా పోసి ఉంటే క్లోరిన్ వాయువు పుట్టి, ఆ ఇరుకు బాత్రూములో నాతోపాటు తలుపు దగ్గర నిలబడిన ఆయనకూ ఊపిరాడేది కాదు. మీ వ్యాసమేమో ‘ముందు ఏదైనా డ్రెయిన్ క్లీనర్ పోసి చూడండి, లొంగకపోతే ప్లంబరును పిలవండి’ అని ఒక్క వాక్యంలో తేల్చేసింది. పోసిన సంగతి వచ్చినవాడికి చెప్పమని ఇంకొక వాక్యం రాయడానికి, ఆ ఫొటో వల్ల, చోటు చాలలేదు కాబోలు.

ప్లాస్టిక్ పైపులను అతికించే జిగురు, అదే సొల్యూషన్, పూసిన అతుకు ‘ఐదు నిమిషాల్లో సిద్ధం’ అని మీ వ్యాసంలో రాశారు. ఐదు నిమిషాల్లో అతుకు కదలకుండా నిలుస్తుంది, అంతే. నీటి ఒత్తిడిని తట్టుకోవాలంటే పైపు సైజును, వాతావరణాన్ని బట్టి గంటలు ఆగాలి, ఒక్కోసారి రోజంతా ఆగాలి. ఆ మాట డబ్బా మీదే ఉంటుంది. మామూలు పీవీసీ సొల్యూషన్‌తో సీపీవీసీ వేడినీళ్ల పైపును అతికించి, కారుతుంటే పైన ఎంసీల్ ముద్ద మెత్తి, దాని మీద గోడ రంగు వేసి, ఏమీ ఎరగనట్లు నన్ను పిలిచినవారున్నారు. పైపు మలుపు దగ్గర వేసే, ప్లాస్టిక్ మర ఉన్న ఎల్బోను రెంచీతో బలమంతా పెట్టి బిగిస్తే అది ఆ పూట పగలదు, వెంట్రుకవాసి చీలిక పడి ఏ వారం తర్వాతో అర్ధరాత్రి విచ్చుకుంటుంది. గీజరు సేఫ్టీ వాల్వు కారుతోందని దానికి బిరడా బిగించిన ఇల్లూ చూశాను. నీళ్లు వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు వదలడం ఆ వాల్వు ఉద్యోగం. దాని నోరు మూస్తే, థర్మోస్టాట్ చెడిన రోజున లోపలి ఒత్తిడికి టాంకీని పగలగొట్టుకుని రావడం తప్ప వేరే దారి ఉండదు.

అయితే ఈ దాపరికం ఇంటివారితో మొదలైంది కాదు. గోడలో ఏ పైపు ఎటు పోతోందో చూపే ప్లాను ఇల్లు అప్పగించేటప్పుడు కట్టినవారిలో ఎందరు ఇస్తున్నారు? ప్లాస్టరింగుకు ముందే లైన్లలో నీరు నింపి, ఒత్తిడి పెట్టి, గేజి ముల్లు పడిపోకుండా నిలిచిందో లేదో చూడాలి. నేను పనిచేసిన కట్టడాల్లో ఆ పరీక్ష కాగితం మీద ఏనాడూ తప్పలేదు, గేజి ముఖం చూసిన అధికారి మాత్రం నాకింతవరకు తారసపడలేదు. టైల్స్ పడ్డాక లోపలిదెవరికి తెలుస్తుంది? పటం తగిలించడానికి మేకు కొట్టి, ముఖాన నీళ్లు చిమ్మించుకున్న ఇంటాయనకు తెలుస్తుంది. కరెంటు పనికి లైసెన్సు చూపమనే పెద్దలకు నీటి పని దగ్గరకు వచ్చేసరికి చేతిలో రెంచీ ఉంటే చాలు. అలా తయారైనవాడి పని చూశాక, ఈ మాత్రం నేనూ చేయగలనని గృహస్థుడు అనుకుంటే అతణ్ని తప్పుపట్టలేను.

వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాచకూడదంటారు, వారిద్దరి సరసన మమ్మల్నీ కాస్త కూర్చోబెట్టండి. విప్పితే విప్పామని, పోస్తే ఏం పోశారో, డబ్బాతో సహా చూపించండి. నవ్వను, నవ్వొచ్చినా సింకు కింద తలపెట్టి నవ్వుకుంటాను. మీ పత్రిక వారు ఆ డ్రెయిన్ క్లీనర్ వాక్యానికీ, ఐదు నిమిషాల అతుకుకూ సవరణ వేయాలని, ఫొటోలోని పెద్దమనిషి బిగించిన కుళాయి ప్రస్తుతం ఎలా ఉందో వీలైతే కనుక్కోవాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక ప్లంబరు